ఉన్ని కోటు బరువు

మా పెద్దమ్మ బట్టను ముట్టుకుందంటే దాన్ని తొడుక్కున్న మనిషి గుణగణాలన్నీ చెప్పేస్తుంది. చొక్కా కాలరు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఆ మనిషి కోపిష్టో శాంతపరుడో తేల్చేస్తుంది. కోపిష్టి వాళ్ళు మాటమాటకీ మెడ విసురుతారు కాబట్టి వాళ్ళ కాలరు ఒక పక్కే ముందు అరిగిపోతుందట. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. నా కాలరే చూపించి ఊరందరికీ చెప్పేది కాబట్టి నాకు వాదించే వీలు లేకపోయింది. నన్ను ఆవిడ మిరపకాయ్ అని పిలుస్తుంది. నాకు ఇంకో పేరుందన్న సంగతి మా వీధిలో సగం మందికి తెలియదు.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణం. ముందు గదిలో కౌంటరు, గోడకి ఒక టీవీ. వెనక గదిలో యంత్రాలు, వాటి పైన గది పొడుగునా ఇనప కడ్డీ, కడ్డీకి ప్లాస్టిక్ కవర్లలో వేలాడే కోట్లు. ఆవిరి ఇస్త్రీ బల్ల పక్కన గోడకి ఏడాది పొడుగునా చెమట పడుతూనే ఉంటుంది. పెద్దమ్మకీ పెదనాన్నకీ పిల్లల్లేరు. మా అమ్మకి ఎక్కువమందిమి ఉన్నాం. ఈ లెక్క సరిచేయడానికి నన్ను చిన్నప్పుడే ఇక్కడికి పంపారు. మా అమ్మ నా అల్లరి భరించలేక పంపిందని పెద్దమ్మ అంటుంది, నా కంటే ఎక్కువ తనే నవ్వుకుంటూ.

ఇక పెదనాన్న నోట్లో నాలుక లేని మనిషి. కొనుక్కొచ్చిన రొట్టెలో పురుగు కనబడితే, తిరిగి ఇవ్వడానికి మొహమాటపడి పురుగును మాత్రం బయట వదిలేసే రకం. దుకాణంలో మాట్లాడే పనులన్నీ పెద్దమ్మవి, మోసే పనులన్నీ ఆయనవి. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగా కుదిరింది.

ఒక చలికాలం మొదట్లో పొందికగా మాట్లాడే ఒకాయన మంచి మంచి ఉన్ని కోట్లు తెచ్చి మా కౌంటరు మీద పెట్టాడు. ఉతకొద్దు, ఊరికే వేలాడదీయండి, చీటీ పట్టుకొచ్చినవాళ్ళకి ఇచ్చేయండి అన్నాడు. ఉతకని కోటుకి ఉతికే దుకాణంలో ఏం పని? పెద్దమ్మ ఆయన వెళ్ళాక ఒక కోటు తిరగేసి లోపలి లైనింగు ముట్టుకుంది. అది గంజి కాదు. గంజి పెట్టిన గుడ్డ పెళపెళలాడుతుంది. ఇది అట్టకట్టి, కాస్త జిగటగా, మందుల షాపు వాసన వేస్తోంది. మత్తుమందును నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళు లైనింగుకి పట్టించి, ఆరబెట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపుతారని తర్వాత పోలీసులు మాకు వివరంగా చెప్పారు. పెద్దమ్మకి ఆ సంగతి ఆ రోజే అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆ కోట్లను కడ్డీకి తగిలించింది. మా పెద్ద యంత్రం చెడిపోయి మూలన కూర్చుంది, ఆయనిచ్చే డబ్బుతో దాన్ని బాగుచేయించే దారి దొరికిందనుకుంది.

"తెలిసే చేశాను. తెలియదని నేను ఎక్కడా అనను, నువ్వూ అనొద్దు" అని నాతో గట్టిగా చెప్పింది. కోట్లు కడ్డీ మీద ఉండగానే పోలీసులు పట్టుకున్నారు, కోర్టులోనూ అదే మాట చెప్పింది. మా వకీలమ్మ తల పట్టుకుంది.

అయినా పెద్దమ్మకి శిక్ష అంత పెద్దది పడుతుందని ఎవరూ అనుకోలేదు. ఇక్కడే చట్టం సంగతి చెప్పాలి. మత్తుమందు కేసుల్లో శిక్ష బరువును బట్టి ఉంటుంది. ఆ మందు దేనికి పట్టించి ఉంటే దాన్ని కూడా కలిపి తూచాలని ఆ చట్టంలో రాసి ఉంది. మా కడ్డీ మీది కోట్లన్నిట్లో కలిపి ఉన్న మందు పిండితే చారెడు ఉంటుందేమో. త్రాసు మీద మాత్రం ఉన్ని ఎక్కింది, గుండీలు ఎక్కాయి, భుజాల్లో కుక్కిన దూది ఎక్కింది. ఆ బరువుకి చట్టంలో ఉన్న శిక్ష లారీల్లో సరుకు తోలే దొంగ వ్యాపారులకి వేసేది. జడ్జిగారు చదువుతూ ఒకసారి ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నా చేతుల్లో ఏమీ లేదన్నారు. మా పెద్దమ్మ జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. నన్ను తిట్టేది, అంతే.

తీసుకెళ్ళేముందు వరండాలో మాతో మాట్లాడనిచ్చారు. "వేసవిలో పట్టుబడి ఉండాల్సింది. పల్చటి చొక్కాలైతే సగం శిక్షతో పోయేది" అంది పెద్దమ్మ. పెదనాన్న నవ్వలేదు. నేను నవ్వాను, నవ్వు పూర్తికాకుండానే ఏడ్చాను.

ఆడవాళ్ళ జైలు ఊరి చివర, బస్సు ఆగిపోయే చోట ఉంది. కలవడానికి వచ్చినవాళ్ళకి ఒక పొడవాటి బల్ల, దాని మధ్యలో పసుపు గీత. గీత దాటి చెయ్యి పెట్టకూడదు. పెద్దమ్మ మొదటిసారే ఆ గీతను గోటితో గీకి చూసి, ఈ రంగు ఉతికితే పోతుంది అంది. లోపల ఆవిడకి బట్టలుతికే విభాగమే ఇచ్చారు. ఊరు మారింది కానీ ఉద్యోగం మారలేదని చెప్పుకుని నవ్వేది. కొన్నాళ్ళకే జైలు ఉద్యోగుల చొక్కాలన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళడం మొదలైంది. ఎవరి మొగుడు ఎవరితో పోట్లాడాడో కాలర్లు చూసి ఆవిడకి తెలిసిపోయేది.

అక్కడ ఆవిడకి జతగా పనిచేసే ఆమెను అందరూ నిచ్చెన అంటారు. అంత పొడుగు మనిషి. ఆమెదీ అదే చట్టం, ఆమె కేసులో తూచింది అట్టపెట్టెలను. పెట్టెలు ఆమె మగడివి, ఆయన ఏ దేశమో పారిపోయాడు, ఈమె ఇంట్లో దొరికింది. పెద్ద దుప్పట్లు మడవాలంటే ఇద్దరు చెరో కొస పట్టుకోవాలి. పెద్దమ్మ పొట్టి, నిచ్చెన పొడుగు, దుప్పటి ఒక పక్క గాల్లో, ఇంకో పక్క నేల మీద. అందుకని పెద్దమ్మ బకెట్ బోర్లించి దాని మీద నిలబడి మడిచేది. మేం వెళ్ళిన ప్రతిసారీ సగం సమయం నిచ్చెన కబుర్లే. నిచ్చెన ఇవాళ నవ్విందనీ, నిచ్చెనకి జ్వరమనీ, నిచ్చెనని చూడ్డానికి ఈసారి కూడా ఎవరూ రాలేదనీ. బస్సు మారి వచ్చింది నిచ్చెన కోసమా నీ కోసమా అని నేను ఒకసారి విసుక్కున్నాను. పెద్దమ్మ నా కాలరు వైపు చూసి ఊరుకుంది.

మా వకీలమ్మ వదిలేసే మనిషి కాదు. దేశాన్ని ఏలే పెద్దాయనకి శిక్షలు తగ్గించే, మాఫీ చేసే అధికారం ఉంది. క్షమాభిక్ష కోరుతూ పెట్టుకున్న అర్జీలు ఒక కమిటీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు చూసి, పైకి పంపితే ఆయన సంతకం పెడతాడు. వకీలమ్మ కాళ్ళరిగేలా తిరిగి పెద్దమ్మ అర్జీని కమిటీ దాటించింది. ఇక ఆయన బల్ల మీదికి చేరడమే మిగిలిందని చెప్పిన రోజున పెదనాన్న ఇల్లంతా తుడిచాడు. ఒక్కటే భయం. ఆ పెద్దాయన పదవి ముగింపుకి వచ్చింది. తర్వాత రాబోయేవాడు ప్రతి సభలోనూ ఒక్కణ్ణి కూడా వదలనని మైకులు పగిలేలా అరుస్తున్నాడు. ఈయన ఉండగానే సంతకం పడాలి, లేకపోతే పెద్దమ్మ ముసలిదై బయటికి రావాలి. మేం కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాం.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మా టీవీలో పెద్దాయన కనిపించాడు. తన కొడుకుని క్షమించానని చెప్పాడు. ఆ అబ్బాయి కూడా మత్తుమందు దగ్గర పెట్టుకుని దొరికినవాడే, అదే చట్టం కింద. కాకపోతే అబ్బాయిగారిది చిన్న వెండి డబ్బీ. లోపలికి వెళ్ళి కొన్ని వారాలే అయింది. అర్జీ లేదు, కమిటీ లేదు. నేను దేశానికి నాయకుణ్ణే కాదు, ఒక తండ్రిని కూడా అని పెద్దాయన అన్నాడు. కౌంటరు దగ్గర ప్యాంటు కోసం నిలబడ్డ బడి మేష్టారు, అందరికీ ఇలాంటి తండ్రి దొరికితే జైళ్ళు కట్టే పనే ఉండదు అన్నారు. వెనక గదిలోంచి కాలుతున్న వాసన వచ్చింది. పెదనాన్న ఇస్త్రీ పెట్టెను చొక్కా మీదే ఉంచేసి, గుమ్మంలోకి వచ్చి టీవీ చూస్తున్నాడు. ఆయన చొక్కా కాల్చడం నేను చూడ్డం అదే మొదలు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి దుకాణం ముందు బోర్డు. ‘ఆయన కొడుక్కి ఓ న్యాయం, మా ఇంటావిడకి ఓ న్యాయమా? ఆ క్షమాభిక్ష రద్దు చేయాలి’ అని ఎర్ర రంగుతో రాసి ఉంది. నోట్లో నాలుక లేని మనిషి ఇంత పని చేశాడంటే వీధి వీధంతా తరలివచ్చి చూసింది. నాకైతే గాల్లో తేలినట్టుంది. ఇంతకాలానికి ఇంట్లో నాకు తోడుగా ఇంకో కోపిష్టి దొరికాడు.

మా వృత్తిలో ఉతికిన ప్రతి బట్టకీ ఒక చీటీ గుండుసూదితో గుచ్చి ఇస్తాం, ఎవరిదో గుర్తుండటానికి. పెదనాన్న ఆ చీటీల వెనక బోర్డు మీది మాటే అచ్చు వేయించాడు. ఊళ్ళో బట్టలుతికే దుకాణాల వాళ్ళందరికీ ఆయనంటే అభిమానం, ఏనాడూ ఎవరి గిరాకీ లాక్కోలేదు కాబట్టి. వాళ్ళూ అవే చీటీలు గుచ్చారు. అలా ఆ మాట చొక్కాలు, కోట్లు ఎక్కి బ్యాంకులకీ బళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళింది. చివరికి చట్టసభలో ఒక సభ్యుడికి మెడ వెనక ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే మా చీటీ. ఆయన ప్రతిపక్షం మనిషి. నిండు సభలో దాన్ని ఊపి ఊపి చదివాడు. గొడవ గొడవైంది. విచారణ వేశారు. టీవీలో అది చూసి పెదనాన్నా నేనూ ఒకరి చేతులు ఒకరం పట్టుకుని గంతులేశాం.

గంతులు ఆగకముందే వకీలమ్మ ఫోను చేసింది. విచారణ తేలేదాకా ఎవరికీ ఏ క్షమాభిక్షా ఇవ్వకూడదని సభ తీర్మానించింది. పెద్దాయన కొడుకు ఎలాగూ బయటే ఉన్నాడు. ఆగిపోయింది అర్జీలు పెట్టుకున్నవాళ్ళవి. పెద్దమ్మ కాగితం వచ్చే వారమో ఆపై వారమో సంతకానికి వెళ్ళాల్సింది. "నాతో ఒక్క మాట అని ఉండాల్సింది" అంది వకీలమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

పెదనాన్న మాసిన బట్టల గుట్ట మీద కూలబడ్డాడు. "మీ పెద్దమ్మ తలుపుకి నేనే గడియ పెట్టాను తల్లీ" అన్నాడు. జైలుకి వెళ్ళి ఈ చావు కబురు చల్లగా చెప్పే పని నా నెత్తిన పడింది.

చెప్పాను. పసుపు గీతకి అటు పక్క పెద్దమ్మ ముందు నవ్వింది. ఆయన బోర్డు పెట్టాడా, నిజంగా ఆయనే పెట్టాడా, అక్షరాలు వంకర లేకుండా రాశాడా అని అడిగింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. తన వేళ్ళ వైపు చూసుకుంది. వేడి నీళ్ళకి ఆ వేళ్ళ చివర్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. తిడుతుందేమో, తిడితే బావుణ్ణు అనుకున్నాను.

"ఆ అబ్బాయి లోపల ఎన్నాళ్ళున్నాడే?" అంది.

"కొన్ని వారాలు."

"సరిపోతుంది కదా. డబ్బీలో కాస్త మందు పెట్టుకున్నందుకు అన్నాళ్ళు చాలు. వాళ్ళ నాన్న వాడి విషయంలో చేసింది సరైన పనే మిరపకాయ్. వాడొక్కడికే చేశాడు, అదీ ఆయన తప్పు. సరైన పనిని మీరు రద్దు చేయమంటున్నారు. వాణ్ణి మళ్ళీ తెచ్చి లోపల వేస్తే నాకు ఒరిగేదేంటి? ఎక్కడో ఇంకెవరో ఇంకో దుప్పటి ఉతకాలి, అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి వెనకేసుకొస్తున్నావా అని అడిగాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. ఇంటికి వచ్చి పెదనాన్నకి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, ఆయనకీ కోపం వస్తుందని. ఆయన లేచి వెళ్ళి బోర్డు లోపలికి తెచ్చి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

కొత్త బోర్డు మీద ఇలా ఉంది. ‘మీ అబ్బాయిని వదిలారు, సంతోషం. మావాళ్ళనీ వదలండి.’ చీటీల మీదా అదే. నిన్న రద్దు, ఇవాళ సంతోషమా అని జనం మమ్మల్ని ఆటపట్టించారు. పెదనాన్న ఎవరినీ తప్పించుకోలేదు. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ నెమ్మదిగా, మధ్యమధ్య నీళ్ళు నములుతూ, ముందు పొరపాటు పడ్డామండీ అని చెప్పి, మా ఆవిడ ఇలా అందండీ అని వివరించేవాడు. బడి మేష్టారు మాత్రం ఒప్పుకోలేదు. అధికారం ఉన్నవాడు సొంత కొడుకుని తప్పిస్తే సంతోషం అని రాయడమేంటని కోప్పడి, బట్టలు వేరే దుకాణంలో వేశారు. నా మనసులో మాటే ఆయన నోట వచ్చింది, అందుకే నేనేమీ అనలేకపోయాను. ఆ దుకాణంవాళ్ళు గుండీలన్నీ విరగ్గొట్టి ఇవ్వడంతో మళ్ళీ మా దగ్గరికే వచ్చారు. వచ్చి, ఇంకా ఒప్పుకోను కానీ చీటీ గుచ్చండి అన్నారు.

ఈసారి చీటీలు వేరే రకం మనుషుల్ని తెచ్చాయి. మావాళ్ళనీ అన్న మాట చూసి, లోపల మనుషులున్న కుటుంబాలు మా దుకాణానికి రావడం మొదలుపెట్టాయి. ఒకరి కేసులో గోనెసంచులు తూచారు, ఒకరి కేసులో పుస్తకాలు, ఒకాయనది ఏకంగా గది నిండే తివాచీ. తివాచీ ఆయన అక్కగారు వాళ్ళింట్లో ఆ తివాచీ పరిచిన చోటు ఇంకా ఖాళీగా ఉంచారని చెప్పింది. వకీలమ్మ వాళ్ళందరినీ మా వెనక గదిలో బట్టల మూటల మీద కూర్చోబెట్టి మాట్లాడేది. విచారణ వేసిన సభ్యుల దగ్గరికి వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. ఎవరూ రద్దు అనలేదు. మాకూ అదే కొలత పెట్టండి అన్నారు.

ఒక రోజు మధ్యాహ్నం టోపీ కళ్ళ మీదికి లాక్కున్న ఒకబ్బాయి మా చీటీ చేత్తో పట్టుకుని వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను, పెద్దాయన కొడుకు. కూర్చోమనలేదు. నా ముందున్న దిండు గలీబులన్నీ ఇస్త్రీ చేసి, మడిచి, మళ్ళీ విప్పి, రెండోసారి మడిచాక గానీ ఏం కావాలని అడగలేదు. ఆ అబ్బాయి విసుక్కోలేదు. పెదనాన్న వైపు తిరిగి, తన కోటుకి ఈ చీటీ గుచ్చి వచ్చిందనీ, సంతోషం అన్న మాట చదివి సిగ్గుపడ్డాననీ చెప్పాడు. లోపలున్న కొన్ని వారాల్లో తన పక్క గదిలో అదే చట్టం కింద వచ్చినవాళ్ళని చూశాడట, వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారట.

"మీ ఇంటావిడ పేరు చెప్పండి సార్. నాన్నకి చెప్తాను. విచారణ ముగిసిన రోజే మొదటి సంతకం ఆవిడదే అవుతుంది" అన్నాడు.

ఇన్నాళ్ళూ పలుకుబడిని, బంధుప్రీతిని తిట్టిపోసిన నా నోటికి ఆ క్షణంలో మా పెద్దమ్మ పేరు తప్ప ఇంకేమీ తోచలేదు. చెప్పబోయాను కూడా. పెదనాన్న నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆవిణ్ణి ఒక మాట అడిగి చెప్తాం బాబూ అన్నాడు. పెదనాన్నని బట్టల యంత్రంలో వేసి తిప్పాలనిపించింది.

అడిగాం. పెద్దమ్మ, "నన్నొక్కదాన్నేనా?" అంది. అప్పుడే వెనక తలుపులోంచి నిచ్చెన దుప్పట్ల బండి తోసుకుంటూ వెళ్తోంది, తలుపు తగలకుండా తల వంచుకుని. పెద్దమ్మ బండి వెళ్ళేదాకా చూసింది.

"ముందు అందర్నీ వదలమని అడగమను. బరువు లెక్కతో లోపలికొచ్చినవాళ్ళు, ఎవరి మీదా చెయ్యి చేసుకోనివాళ్ళు, వాళ్ళందర్నీ."

"కుదరదంటే?" అన్నాను.

"కుదరదంటే నన్నొక్కదాన్నే వదలమను. నేనేం మహాత్మురాలిని కాదు. మీ పెదనాన్న వంట తిని మీరిద్దరూ ఎలా అయిపోయారో చూస్తూనే ఉన్నాను, నాకూ ఇంటికి రావాలనుంది. చాలా ఉంది. కానీ ముందు అందరి కోసం అడగాలి. అడక్కుండా వచ్చేస్తే ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

ఆ మాట విన్నాక నాకు ఆవిడ మీద కోపం పోయింది. తను గొప్పదాన్నని చూపించుకోవడానికి మమ్మల్ని ఏడిపిస్తుందేమోనని నాలో ఎక్కడో ఒక అనుమానం ఉండేది. ఇంటికి రావాలని ఉందని నోరు తెరిచి చెప్పిన మా పెద్దమ్మ ఆ రోజు నాకు మునుపటి కంటే దగ్గరైంది.

ఆ అబ్బాయి సరేనన్నాడు. ఇంకో పని కూడా చేశాడు, అది మేం అడగనిది. విచారణ ముందుకి తనంతట తనే వెళ్ళి, కెమెరాల ఎదుట టోపీ తీసి, నేను చేసిన తప్పూ వీళ్ళు చేసిన తప్పూ ఒకటే, నాకు నాన్న ఉన్నాడు కాబట్టి బయట ఉన్నాను, అన్నాడు. మేం మా టీవీలో చూశాం. బడి మేష్టారు ముక్కు చీదుకున్నారు. ఆయనకి జలుబట.

పెద్దాయన పదవిలోంచి దిగిపోయే ముందు రోజుల్లో విచారణ తేలింది. కొడుక్కిచ్చిన క్షమాభిక్ష పద్ధతి తప్పిందని మందలించి, దాన్ని తిరగదోడకుండా, అదే చట్టం కింద హింస చేయకుండా శిక్ష పడ్డవాళ్ళందరినీ అదే దృష్టితో చూడమన్నారు. పెద్దాయన సంతకాలు పెట్టాడు. అందరికీ కాదు. తివాచీ ఆయన కాగితం ఎక్కడో ఇరుక్కుంది, వకీలమ్మ ఇంకా దాని వెంట పడుతూనే ఉంది. కానీ చాలామందికి పెట్టాడు. పెద్దమ్మకి పెట్టాడు, నిచ్చెనకి పెట్టాడు. మందిని వదిలి ముందు సొంత కొడుకుని చూసుకున్న ఆ మనిషిని నేను ఇవాళ్టికీ మెచ్చుకోలేను. అయినా సంతకం పెట్టిన ఆ చేతికి మాత్రం పంటి బిగువున దండం పెడతాను. వాళ్ళబ్బాయికి పంటి బిగువు లేకుండానే పెడతాను. ఒప్పుకోకుండానే చీటీ గుచ్చుకున్న మేష్టారికి, ఊళ్ళో గుండుసూదులన్నీ మా కోసం ఖర్చు చేసిన దుకాణాలవాళ్ళకి, తిట్టని వకీలమ్మకి మేం ఎంతో ఋణపడి ఉన్నాం.

విడుదల రోజు పొద్దున్నే జైలు గేటు దగ్గర కుటుంబాలు గుంపుగా చేరాయి. ఒక్కొక్కరినీ బయటికి పంపేముందు, లోపలి గది గుమ్మంలో ఒక కాపలావిడ నిలబడి ఎవరి కోసం ఎవరు వచ్చారని అడుగుతోంది. ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళు వెంటనే వెళ్ళొచ్చు. ఎవరూ రాని వాళ్ళు మాత్రం ప్రభుత్వ వసతిగృహంలో చోటు దొరికేదాకా లోపలే ఉండాలి. ఆ చోటు ఎప్పుడు దొరుకుతుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

పెద్దమ్మ చేతిసంచితో వచ్చింది. పెదనాన్న ఆవిణ్ణి చూసి ఏమోయ్ అని మాత్రం అనగలిగాడు. ఆవిడ ఆయన కాలరు సరిచేసి, ఇస్త్రీ బాగానే నేర్చుకున్నారే అంది. నేను ఇద్దరినీ కలిపి పట్టుకుని ఏడ్చాను, ఎవరేమనుకున్నా సరే అని. అప్పుడు పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. గోడవారన బెంచీ మీద, మూట ఒళ్ళో పెట్టుకుని నిచ్చెన కూర్చుని ఉంది. తన కోసం ఎవరూ రారని తెలిసి, అసలు లైన్లోనే నిలబడలేదు.

"ఆమెకీ మేమే వచ్చాం" అంది పెద్దమ్మ కాపలావిడతో.

"ఏమవుతారు?"

ఆ ప్రశ్న పెదనాన్న వైపు తిరిగింది, మగమనిషి కాబట్టో, పెద్దవాడు కాబట్టో. ఆయన పొడవాటి నిచ్చెనను చూశాడు, తన పొట్టి పెళ్ళాన్ని చూశాడు. "మరదలండీ. మా ఆవిడ చెల్లెలు" అన్నాడు. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం. చెవులు ఎర్రబడిపోయాయి.

కాపలావిడ ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఎగాదిగా చూసింది. ఆమె తొడుక్కున్న చొక్కా ఇన్నేళ్ళుగా ఇస్త్రీ చేసింది మా పెద్దమ్మే. అయినా ఆమె ఉద్యోగం ఆమె చేయాలి కదా.

"చెల్లెలైతే ఇన్నేళ్ళలో ఒక్కరూ చూడ్డానికి రాలేదేం మరి?" అంది.

పెదనాన్న నా వైపు చూశాడు, నేను పెద్దమ్మ వైపు చూశాను.

"నేను లోపలే ఉన్నాను కదమ్మా, ఇంక వేరే రావడమెందుకు" అంది పెద్దమ్మ.

కాపలావిడ తల దించుకుని గడియ తీసింది. నలుగురం బస్సు ఆగే చోటికి నడిచాం. బస్సు వస్తుంటే నిచ్చెన, పెద్దమ్మ చేతిలోని సంచి అందుకుని, "ఇటివ్వక్కా, నేను పట్టుకుంటాను" అంది.